బాలింత తిండి, ఆమె థైరాయిడ్, బిడ్డ థైరాయిడ్: చెన్నై డాక్టర్లకీ ఆరోగ్య అధికారులకీ బహిరంగ లేఖ

చెన్నైలో ప్రసవాలు చేసే డాక్టరమ్మలకి, పిల్లల డాక్టర్లకి, వార్డుల్లో నర్సమ్మలకి, అంగన్‌వాడీ టీచర్లకి, మెడికల్ షాపుల వాళ్ళకి, ఆహార భద్రత అధికారులకి నమస్కారం.

మీ ఓపీల్లో ఎంత జనం ఉంటారో రోజూ చూసేదాన్నే, మీ పనిభారం తెలుసు, అందుకని నేరుగా విషయంలోకి వస్తున్నా. నేను ఉత్తర చెన్నైలో ఒక చిన్న ల్యాబ్‌లో బ్లడ్ శాంపిల్స్ తీసే టెక్నీషియన్‌ని. మా తాతల కాలంలో నెల్లూరు వైపు నించి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. వ్యాసర్పాడి, కొరుక్కుపేట, పెరంబూరు, వాషర్‌మెన్‌పేట, ఈ పక్కలన్నిట్లో మన తెలుగువాళ్ళ ఇళ్ళకి హోమ్ కలెక్షన్‌కి వెళ్తుంటాను, పచ్చి బాలింతల ఇళ్ళకి కూడా. వాళ్ళ థైరాయిడ్ రిపోర్టులు నా చేతుల మీదుగానే పోతాయి.

ఈ వేసవిలో మా వీధుల్లోని బాలింతలు, వాళ్ళ అమ్మలు, అత్తలు అందరం సంతకాలు పెట్టి, బాలింతల తిండి, థైరాయిడ్ గురించి ఒక వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నారు, స్టాంపు వేశారు, పైకి పంపిస్తాం అన్నారు. మళ్ళీ వెళ్తే ఆ సెక్షన్ మారింది అన్నారు, ఇంకోసారి వెళ్తే ఇది ఉప్పు సంగతా ఆసుపత్రి సంగతా ముందు తేల్చుకుని రండి అన్నారు. రెండూ కలిసిన సంగతే కాబట్టి తేల్చుకోడానికి మాకేం లేదు, అందుకే అందరూ చదివేలా ఇక్కడ రాస్తున్నా.

ఆరు నెలల దాకా బిడ్డకి తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టొద్దని మీరే చెప్తారు, మంచి మాట, మేమూ అదే చెప్తున్నాం ఇళ్ళల్లో. మరి ఆ ఆరు నెలలు బిడ్డకి అయోడిన్ ఎక్కణ్ణించి రావాలి? తల్లిపాల నించే. పాలల్లోకి ఎక్కణ్ణించి రావాలి? తల్లి కంచంలోంచి. థైరాయిడ్ గ్రంథి రక్తంలోంచి అయోడిన్‌ని లాక్కోడానికి ఒక ప్రొటీన్ ఉంటుంది, పాలిచ్చే రోజుల్లో రొమ్ములో కూడా అదే ప్రొటీన్ పని మొదలుపెడుతుంది, అలా తల్లి తిన్న అయోడిన్‌లో కొంత ఆమె గొంతులోని గ్రంథికి, కొంత పాలల్లోకి పోతుంది. ఒక్క మనిషి తిండి మీద రెండు థైరాయిడ్‌లు బతకాలి. అందుకే మామూలు ఆడమనిషికి రోజుకి 150 మైక్రోగ్రాములు చాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, బాలింతకి మాత్రం 250 కావాలంటుంది. చంటిబిడ్డకి 90 కావాలి. పెద్దవాళ్ళకైతే గ్రంథిలో కొన్ని నెలలకి సరిపడా నిల్వ ఉంటుంది, పుట్టిన బిడ్డకి ఆ నిల్వ చాలా కొంచెం, దాదాపు ఏ రోజుది ఆ రోజు రావాల్సిందే. రాకపోతే థైరాయిడ్ హార్మోన్ తగ్గుతుంది, బిడ్డ మెదడు మొదటి రెండు మూడేళ్ళలో ఎదిగేది ఈ హార్మోన్ ఉంటేనే. ఇదంతా మీకు తెలిసిందే, నేను మీకు పాఠం చెప్పట్లేదు, ఇది మా ఇళ్ళల్లో ఎవరికీ తెలీదు అని చెప్తున్నా. మీలో ఎవరూ వాళ్ళకి చెప్పట్లేదు అని కూడా చెప్తున్నా.

మా పక్క ఏం జరుగుతోందో వరసగా రాస్తాను.

1. ఉప్పు. అయోడిన్ లేని ఉప్పుని మనుషులు తినడానికి అమ్మకూడదని 1998లో ఒకసారి రూల్ పెట్టారు, 2000లో తీసేశారు, మళ్ళీ 2006 మే 17 నించి అమల్లోకి తెచ్చారు. కొట్లో అమ్మేటప్పుడు ఉప్పులో అయోడిన్ 15 పీపీఎంకి తగ్గకూడదు. కాగితం మీద బాగానే ఉంది. 2018-19లో దేశమంతా చేసిన అయోడిన్ సర్వేలో సరిపడా అయోడిన్ ఉన్న ఉప్పు వాడే ఇళ్ళు నూటికి 76.3 అని తేలింది. తమిళనాడులో 61.9, దేశంలో అన్నిటికన్నా కింద. దాని పైనే మన ఆంధ్రప్రదేశ్, 63.9. అంటే చెన్నైలో ఉన్న తెలుగు ఆడపిల్ల పురిటికి పుట్టింటికి నెల్లూరో ఒంగోలో వెళ్ళినా, ఇక్కడే అత్తగారింట్లో పురుడు పోసుకున్నా, రెండు చోట్లా ఇదే పరిస్థితి. తూత్తుకుడి, మరక్కాణం లాంటి చోట్ల ఉప్పు పండుతున్న రాష్ట్రంలో ఇలా ఉందంటే నాకు ఆశ్చర్యం లేదు, మడి నించి నేరుగా వచ్చే కల్లుప్పు చవగ్గా దొరుకుతుంది కదా. మా వీధిలోకి తోపుడుబండి మీద గోనెసంచిలో కల్లుప్పు వస్తుంది, దాని మీద ఏ లేబుల్ ఉండదు, పచ్చళ్ళకీ, సాంబారుకీ, బాలింత కారప్పొడికీ అదే.

ఈ మధ్య ఇంకోటి మొదలైంది, కాస్త డబ్బులున్న ఇళ్ళల్లో. ఇందుప్పు అని, సైంధవ లవణం అని, పింక్ సాల్ట్ అని. థైరాయిడ్ వచ్చేదే అయోడైజ్డ్ ఉప్పు వల్ల అని వీడియోల్లో చెప్తున్నారు, జనం నమ్ముతున్నారు, ఐటీ ఉద్యోగం చేసే చదువుకున్న అమ్మాయిలు కూడా. ఆ ఉప్పులో మెగ్నీషియం ఉంది జింక్ ఉంది అంటారు గానీ చెప్పుకోదగ్గ అయోడిన్ మాత్రం అందులో ఉండదు, విడిగా కలిపితే తప్ప.

లెక్క చూడండి. 15 పీపీఎం అంటే గ్రాము ఉప్పులో 15 మైక్రోగ్రాములు. బాలింత రోజంతా కలిపి 5 గ్రాములు తింటే ఒంట్లోకి వచ్చేది 75. చట్టం ఒప్పుకునే ఉప్పు తిన్నా ఉప్పు ఒక్కదానితో 250 రాదు, మిగతాది పాలు, పెరుగు, గుడ్డు, సముద్రపు చేపల నించి రావాలి. అయోడిన్ లేని ఉప్పు తినేవాళ్ళ సంగతి మీరే ఆలోచించండి. దానికి తోడు మన చెన్నై ఉక్కపోత, మూత లేని డబ్బా, పొయ్యి పక్కనే గట్టు, కొనేటప్పుడు ఉన్న అయోడిన్ కూడా చెమ్మకీ వేడికీ కొంత పోతుంది.

2. పథ్యం. బాలింతకి పథ్యం పెట్టడం తప్పు అనడం లేదు, పెద్దవాళ్ళు ప్రేమతోనే పెడతారు. వెల్లుల్లి కారం, కాయం ముద్ద, పాత బియ్యం అన్నం, నెయ్యి, ఇవి నేనూ తిన్నాను, ఒంటికి మంచివే. కానీ ఏం మానిపిస్తారో ఒకసారి చూడండి. పెరుగు వద్దు, బిడ్డకి జలుబు చేస్తుంది. పాలు తగ్గించు. గుడ్డు వేడి. చేప వద్దు. పప్పు తింటే చీము పడుతుంది. ఉప్పు తగ్గించు, ఒళ్ళు నీరు పడుతుంది. ఇందాక చెప్పిన పాలు, పెరుగు, గుడ్డు, చేప నాలుగూ ఈ లిస్టులోనే ఉన్నాయి, పైన ఉప్పు కూడా. తల్లికీ బిడ్డకీ అయోడిన్ ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే అయోడిన్ వచ్చే దారులన్నీ మూసేస్తున్నాం. మా వీధిలో కొందరు పదకొండు రోజులకి సడలిస్తారు, కొందరు మూడు నెలలు లాగుతారు, ఐదో నెల దాకా లాగిన ఇల్లు కూడా నాకు తెలుసు.

అందరి ఇళ్ళల్లో ఇలా లేదు, అది కూడా చెప్పాలి. కాసిమేడు పక్క సముద్రం మీద బతికే ఇళ్ళల్లో బాలింతకి పాలు పడాలని సొరచేపతో పిట్టు చేసి పెడతారు, ఆ ముసలమ్మలకి అయోడిన్ పేరు తెలీకపోవచ్చు గానీ వాళ్ళ కోడళ్ళకి సముద్రపు చేప అందుతోంది. పథ్యంలో ఏది ఉంచాలి ఏది సడలించాలి అని మీరు పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడితే వింటారు, మా అత్తగారు విన్నారు. కానీ కోడలికి చెప్పి పంపిస్తే పని జరగదు, ఇంట్లో పొయ్యి దగ్గర ఉండేది ఆ పిల్ల కాదు కదా.

3. మాత్రలు. ఇది చదివే డాక్టర్లు దయచేసి ఇక్కడ కాసేపు ఆగండి. కొరుక్కుపేటలో ఒక ఇంటికి శాంపిల్‌కి వెళ్ళాను, సిజేరియన్ అయ్యి మూడు నెలలైన అమ్మాయి, కడుపుతో ఉన్నప్పటి నించి థైరాయిడ్ మాత్ర వాడుతోంది. నేను ట్యూబ్ మీద పేరు రాస్తుండగా వాళ్ళమ్మ ఒక స్టీలు గిన్నెలో మాత్రలు తెచ్చిచ్చింది. చిన్న తెల్లది థైరాక్సిన్, ఎర్రది ఐరన్, పెద్దది కాల్షియం. మూడూ ఒకేసారి నోట్లో వేసుకుని పైన వేడి వేడి కాఫీ తాగేసింది. రోజూ ఇంతేనా అని అడిగితే, మర్చిపోకుండా వేసుకోమన్నారుగా అక్కా అంది. ఒక్క రోజు కూడా మానలేదంట పాపం. థైరాయిడ్ ఎలా పని చేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్ లెక్క రిపోర్టులో 20 దాటి వచ్చింది, అంటే హార్మోన్ సరిపోవట్లేదని.

ఐరన్, కాల్షియం రెండూ థైరాక్సిన్‌ని కడుపులోనే పట్టేసుకుంటాయి, ఒంటికి ఎక్కనివ్వవు, నాలుగు గంటల ఎడం ఉండాలి. కాఫీ కూడా ఆ మాత్రని సరిగ్గా ఎక్కనివ్వదు. పరగడుపున నీళ్ళతో వేసుకుని అరగంట, వీలైతే గంట ఆగి ఏదైనా తినాలి తాగాలి. ప్రభుత్వ పథకంలో బాలింతకి ఆరు నెలల పాటు ఐరన్ మాత్ర రోజూ ఇవ్వాలని ఉంది, కాల్షియం రోజుకి రెండు ఇవ్వాలని ఉంది. రెండూ చాలా అవసరం, దేశంలో నూటికి 57 మంది ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, పైగా థైరాయిడ్ హార్మోన్ తయారు చేసే ఎంజైముకి ఐరన్ కావాలి, రక్తం తక్కువున్న మనిషికి అయోడిన్ సరిపడా ఉన్నా హార్మోన్ సరిగ్గా తయారవదు. కాబట్టి ఏదీ మానకూడదు, వేళలు మార్చాలి, అంతే. ఆ ఒక్క ముక్క డిశ్చార్జ్ కాగితం మీద ఎవరూ రాయట్లేదు. రోజూ ఒకటి, రోజుకి రెండు అని రాస్తారు, ఎప్పుడు అన్నది ఉండదు, ఉన్నా పొట్టి అక్షరాల్లో ఉంటుంది, అది చదవగలిగేది మెడికల్ షాపు అబ్బాయి ఒక్కడే.

4. కాన్పు తర్వాత డోసు, పరీక్ష. కడుపుతో ఉన్నప్పుడు థైరాక్సిన్ డోసు పెంచుతారు, కాన్పు అయ్యాక ముందున్న డోసుకి తగ్గించి ఆరు వారాలకి టీఎస్‌హెచ్ చూడాలి. మా దగ్గరికి ఆ పరీక్షకి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. కొందరు పెంచిన డోసే నెలల తరబడి వేసుకుంటారు, గుండె దడ, నిద్ర పట్టదు, చిక్కిపోతారు. కొందరు కాన్పుతో పాటు థైరాయిడ్ కూడా పోయిందనుకుని మాత్ర మానేస్తారు.

అసలు అంతకుముందు ఏ థైరాయిడూ లేనివాళ్ళకి కూడా కాన్పు అయిన ఏడాది లోపు థైరాయిడ్ వాచి తేడా చేయొచ్చు, నూటికి ఐదు నించి పది మందికి ఇలా వస్తుందంటారు. మొదట్లో హార్మోన్ ఎక్కువై దడ, చిరాకు, చేతులు వణకడం, ఆ తర్వాత నాలుగు నించి ఎనిమిది నెలల మధ్య హార్మోన్ తగ్గిపోయి నీరసం, దిగులు, జుట్టు ఊడటం, మలబద్ధకం. మా ఇళ్ళల్లో దీన్ని ఏమంటారో తెలుసా? బాలింత నీరసం అంటారు. దిష్టి అంటారు. బాలింత ఏడుపుతో కూర్చుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. అత్తగారు పని దొంగ అంటుంది, మొగుడు ఎప్పుడు చూసినా మొహం అలా పెట్టుకుంటావేం అంటాడు. ఇంతా చేస్తే ఒక్క బ్లడ్ టెస్ట్‌తో తెలిసిపోయే సంగతి. టైప్ 1 షుగరు (ఇన్సులిన్ తప్ప దారి లేనిది) ఉన్నవాళ్ళకి, థైరాయిడ్ యాంటీబాడీలు (సొంత థైరాయిడ్ మీదే దాడి చేసేవి, రక్త పరీక్షలో తెలుస్తాయి) ఉన్నవాళ్ళకి ఇది వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ.

థైరాయిడ్ తగ్గితే పాలు కూడా తగ్గొచ్చు. అప్పుడు ఏం జరుగుతుంది, డబ్బా పాలు. కాంట్రాక్టు మీద పారిశుద్ధ్య పని చేసుకునే తల్లికి, ఆటో నడిపే తండ్రికి నెలకి ఎన్ని డబ్బాలు కొనగలిగే ఓపిక ఉంటుంది? రెండు చెంచాలు వేయాల్సిన చోట ఒక చెంచా వేసి నీళ్ళు కలుపుతారు. పిల్ల బరువు పెరగదు. అప్పుడు మళ్ళీ మీ దగ్గరికే వస్తారు, తల్లికి పాలు లేవని రాసుకుంటారు, తల్లికి పాలు ఎందుకు లేవు అని మాత్రం చూడరు.

5. సగం తెలిసిన భయాలు. థైరాయిడ్ ఉందనగానే క్యాబేజీ మానెయ్, కాలీఫ్లవర్ మానెయ్, ముల్లంగి మానెయ్ అని ప్రతి ఒక్కరూ చెప్తారు, మీలో కొందరు కూడా చెప్తారు. ఏ ఉప్పు వాడుతున్నావమ్మా అని మాత్రం మా వీధిలో ఒక్క బాలింతని కూడా ఎవరూ అడగలేదు. ఉడకబెట్టిన క్యాబేజీ వారానికి ఒకసారో రెండుసార్లో తింటే అయోడిన్ సరిపడా ఉన్న మనిషికి ఏమీ కాదు. కర్రపెండలం రోజూ అదే పనిగా తింటూ అయోడిన్ లేకపోతే అప్పుడు ఆలోచించాలి. సోయా పౌడర్ తాగితే థైరాక్సిన్ మాత్రకి దూరంగా తాగాలి. ఇవి చెప్పాల్సిన మాటలు, అన్నీ మానిపించడం కాదు.

ఇంకో భయం ఇంకా ప్రమాదం, థైరాయిడ్ మాత్ర వేసుకునే తల్లి పాలివ్వకూడదు అని. ఎవరు మొదలుపెట్టారో గానీ గట్టిగా పాతుకుపోయింది, ఈ మాట విని కొందరు పాలు మానిపిస్తారు, ఇంకొందరు మాత్ర మానేస్తారు, రెండూ నష్టమే. థైరాక్సిన్ ఒంట్లో ఉండాల్సిన హార్మోనే, సరైన డోసులో వేసుకుంటూ నిక్షేపంగా పాలివ్వొచ్చు.

అయోడిన్ మంచిదన్నానని ఎక్కువైతే ఇంకా మంచిదని ఎవరూ అనుకోవద్దు. బాలింతకి రోజుకి 500 మైక్రోగ్రాములు దాటక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. థైరాయిడ్‌కి మంచిదని ఆన్‌లైన్‌లో సముద్రపు నాచు మాత్రలు అమ్ముతున్నారు, కెల్ప్ అని. కొరియాలో కాన్పయ్యాక నాచు సూప్ తాగడం ఆచారం, అక్కడ అయోడిన్ ఎక్కువై తల్లిపాల ద్వారా బిడ్డ థైరాయిడ్ మందగించిన కేసులు డాక్టర్లు రాశారు. సిజేరియన్ కుట్లకి, బిడ్డ బొడ్డుకి పూసే పోవిడోన్ అయోడిన్ కూడా చర్మం నించి లోపలికి పోతుంది, అది మీకు నాకన్నా బాగా తెలుసు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో కాస్త చూసి వాడమని మనవి.

ఇన్ని రాశాక ఒకటి అడిగేవాళ్ళుంటారు, అయితే ఉప్పు ఎక్కువ తినమంటావా అని. లేదు. ఉప్పు ఎక్కువ తినమని కాదు, తినే కొంచెం ఉప్పూ అయోడిన్ ఉన్నది తినమని. బీపీ వల్ల ఉప్పు తగ్గించాల్సిన తల్లులకి, పాలూ గుడ్డూ చేపా ఏవీ తినని తల్లులకి అయోడిన్ ఉన్న విటమిన్ మాత్ర అవసరమా కాదా అన్నది మీరు నిర్ణయించాలి. అమెరికా థైరాయిడ్ డాక్టర్ల సంఘం పాలిచ్చే తల్లులకి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ మాత్ర ఇవ్వమంటుంది, మన దగ్గర ఇచ్చే ఎర్ర మాత్రలో ఐరన్, ఫోలిక్ యాసిడ్ తప్ప అయోడిన్ లేదు. మందుల షాపుల్లో బాలింతలకని అమ్మే రకరకాల విటమిన్ మాత్రల్లో కొన్నిట్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు, రాసేటప్పుడు వెనకాల చదివి రాయండి.

ఇక మేము అడిగేవి. ఇవి కొత్త ఆసుపత్రులు కట్టమని అడిగేవి కావు, చాలావాటికి పైసా ఖర్చు లేదు.

1. కడుపుతో ఉన్నప్పుడు థైరాయిడ్ మాత్ర వాడిన ప్రతి తల్లి డిశ్చార్జ్ కాగితం మీద కాన్పు తర్వాత డోసు ఎంతో, ఆరు వారాల టీఎస్‌హెచ్ ఏ తేదీనో రాయండి. బిడ్డకి ఆరో వారం టీకాలకి ఎలాగూ తీసుకొస్తాం, అదే రోజు అదే చోట తల్లి బ్లడ్ కూడా తీయండి. ఇంకో రోజు రమ్మంటే రాలేరు, ఇంట్లో పంపరు, కూలి పోతుంది.

2. థైరాయిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్ళకి, టైప్ 1 షుగరు వాళ్ళకి మూడో నెల, ఆరో నెల టీఎస్‌హెచ్ చూడండి. ఏ బాలింతైనా దడ, దిగులు, నీరసం, పాలు పడటం లేదు అని వస్తే మందలించి పంపకుండా ముందు ఆ పరీక్ష రాయండి.

3. మాత్రల వేళలు. పొద్దున లేవగానే నీళ్ళతో థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్నం ఐరన్, రాత్రి కాల్షియం, ఇలా ఏదో ఒక పద్ధతి పెట్టి, కాల్షియం రెండుపూటలైతే దానికి తగ్గట్టు మీరే సర్ది, సూర్యుడు, చంద్రుడు బొమ్మలతో ఒక చీటీ చేసి ఇవ్వండి. మెడికల్ షాపుల అన్నలకి విడిగా చెప్తున్నా, కవరు మీద మీరు పెన్నుతో రాసిచ్చేదే మా ఇళ్ళల్లో చదువుతారు, డాక్టర్ చీటీ కాదు. ఐరన్‌కీ థైరాక్సిన్‌కీ నాలుగు గంటల ఎడం అని ఆ కవరు మీద రాయండి.

4. భాష. ఉత్తర చెన్నైలో తెలుగు తల్లులు చాలామంది తమిళం బాగా మాట్లాడతారు గానీ చదవలేరు, ఆసుపత్రి గోడల మీద అంటించిన తమిళ చార్టులు వాళ్ళకి బొమ్మలతో సమానం. బాలింత ఆహారం చార్టు తెలుగులో, ఉర్దూలో, హిందీలో కూడా వేయండి. అనువాదానికి మనిషి లేరంటే మా వీధి వాళ్ళం చేసిస్తాం, డబ్బులేం వద్దు. అందులో వంటల పేర్లు మా ఇళ్ళల్లో వండేవే ఉండాలి, బ్రకోలీ, ఓట్స్ అని రాస్తే ఎవరికీ పనికిరాదు.

5. తొమ్మిదో నెల చెకప్‌కి తోడు వచ్చే అమ్మనో అత్తగారినో బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి, లోపలికి పిలిచి పథ్యం గురించి పది నిమిషాలు మాట్లాడండి. పాలు, పెరుగు, గుడ్డు ఎప్పటి నించి మొదలుపెట్టొచ్చో, చేప తినేవాళ్ళకి ఏ చేపో, ఉప్పు ఎలాంటిదో, ఏ డబ్బాలో మూత పెట్టి దాచాలో, కూర దించే ముందు వేయమని, ఇవన్నీ వాళ్ళకి చెప్పండి. కాయం ముద్ద తప్పు, మీ కాలం తప్పు అని మొదలుపెడితే మాత్రం వాళ్ళు ఒక్క ముక్క వినరు.

6. ఆహార భద్రత అధికారులకి. తోపుడుబండ్ల కల్లుప్పు, లేబుల్ లేని మూట ఉప్పు, చిన్న కొట్లలో విడిగా తూచి అమ్మే ఉప్పు, వీటి శాంపిల్స్ తీయండి, ఏ వార్డులో ఏం తేలిందో బయట పెట్టండి. ఉప్పు మీద చుక్క వేస్తే రంగు మారే టెస్ట్ కిట్ ప్రతి అంగన్‌వాడీలో ఉంచండి, బాలింతలు ఇంటి నించి చిటికెడు ఉప్పు పొట్లం కట్టుకొస్తే అక్కడికక్కడే చూపించండి. కళ్ళ ముందు ఉప్పు నీలంగా మారకపోతే ఏ అత్తగారైనా మర్నాడే వేరే ఉప్పు కొంటుంది, దీనికి మించిన ప్రచారం లేదు. బండి మీద ఉప్పు అమ్ముకునే పేదవాణ్ణి పట్టుకుని ఫైన్ వేసి వదిలేయడం మాకు వద్దు, అతనికి అయోడిన్ కలిపిన కల్లుప్పు ఎక్కడ దొరుకుతుందో చూపించండి. ఇందుప్పు, పింక్ సాల్ట్ ప్యాకెట్ల మీద ఇందులో అయోడిన్ లేదు అని పెద్ద అక్షరాల్లో తమిళంలో, తెలుగులో రాయించండి.

7. అంగన్‌వాడీలో ఇచ్చే సత్తుమావు (పోషకాహార పిండి) ప్యాకెట్, ప్రసూతి పథకంలో వచ్చే పోషకాహార కిట్, వీటిలో అయోడిన్ ఎంతుందో ప్యాకెట్ మీద రాయండి. లేకపోతే ఆ కిట్‌లో మంచి అయోడైజ్డ్ ఉప్పు కిలో ప్యాకెట్ ఒకటి పెట్టండి. నెయ్యి పెట్టగలిగిన ప్రభుత్వానికి ఉప్పు ప్యాకెట్ బరువు కాదు.

8. పుట్టిన ప్రతి బిడ్డకి 48 గంటల తర్వాత మడమ నించి రక్తపు చుక్క తీసి టీఎస్‌హెచ్ చూడండి, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం దాదాపు వెయ్యిమందిలో ఒకరికి ఉంటుంది, అది చాలామందిలో తల్లి తిండి వల్ల వచ్చేది కాదు, గ్రంథి సరిగ్గా ఏర్పడక వచ్చేది, తల్లి ఎంత బాగా తిన్నా తగ్గదు, రెండు వారాల్లోపు మందు మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలా చదువుకుంటుంది. పక్కన కేరళలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. మా పక్క డబ్బు కట్టగలిగిన వాళ్ళ పిల్లలకే ఈ పరీక్ష అడుగుతున్నారు, మా వీధి పిల్లలకి అడిగేవాళ్ళే లేరు.

మేము చేయగలిగింది మేము మొదలుపెట్టాం. మా వీధిలో తొమ్మిదో నెల వచ్చిన ప్రతి ఇంటికి ఇద్దరం వెళ్ళి ఉప్పు డబ్బా చూస్తున్నాం, మాత్రల వేళలు క్యాలెండర్ మీద రాసిస్తున్నాం, మా ల్యాబ్ ఓనరు గారు కూడా బాలింతలకి టీఎస్‌హెచ్ టెస్ట్ రేటు తగ్గించారు. కానీ ఇది పది వీధుల్లో చేయగలం, ఊరంతా చేయలేం, అది మీ పని.

ఈ పొంగల్ లోపు జవాబు కావాలి. పైన రాసిన ఎనిమిదిట్లో ఏది చేస్తారు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు అని ఒక కాగితం మీద రాసి ఆరోగ్య కేంద్రాల నోటీసు బోర్డుల మీద తమిళంలో, తెలుగులో పెట్టండి. పాత వినతిపత్రం ఫైలు దొరకట్లేదంటే దాని కాపీ, స్టాంపు పడిన రసీదు నా దగ్గర ఉన్నాయి, ఏ ఆఫీసుకి రమ్మంటే అక్కడికి తెచ్చిస్తాం. వచ్చేది నేనొక్కదాన్నే కాదు, సంతకాలు పెట్టిన తల్లులందరూ పిల్లల్ని ఎత్తుకుని వస్తారు, కూర్చోడానికి చోటు చూసి పెట్టండి.

ఇట్లు,
ఉత్తర చెన్నై తెలుగు తల్లుల తరఫున
ఒక ల్యాబ్ టెక్నీషియన్